నీళ్ళు పెట్టని చేను

మార్చి 3

ఈ ఉదయం నీళ్ళు ఆపేశాం. చేను కాపలా చూసే యాదయ్య డ్రిప్పు వాల్వు కట్టేసి, తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు నా మొహంలోకి చూడలేదు. వాళ్ళావిడ అంజమ్మ షెడ్డు ముందు కూర్చుని బియ్యం ఏరుతూ, "ఇగ షురువైందా పాపం పని," అంది. ప్రతి ఏడూ అనే మాటే. ప్రతి ఏడూ నాకు కోపం వచ్చేది. ఈసారి కోప్పడే ఓపిక కూడా లేదు.

ఇంకో రెండు వారాల్లో మొక్కజొన్న పూతకొస్తుంది. సరిగ్గా అప్పుడే దానికి చుక్క నీరు అందకూడదు. జాంబియాలో చోమా వైపు వాన మొహం చాటేసేది సరిగ్గా అప్పుడే కాబట్టి. ఆ కరువుని మేం ఇక్కడ శేరిలింగంపల్లిలో, ఒకవైపు అద్దాల ఆఫీసు, ఒకవైపు గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీ, చివర బండరాళ్ళు ఉన్న మూడెకరాల్లో తయారుచేస్తాం. స్థలం ఓనరు రేటు పెరగాలని ఎదురు చూస్తున్నాడు, అందాకా మాకు కిరాయికిచ్చాడు. ఇరవై రకాలు వేశాం. ప్రతి రకం మూడు బ్లాకుల్లోనూ ఉంటుంది. ఏది దాహానికి తట్టుకుని గింజ కడితే దాని విత్తనం నవంబరులో అక్కడి చిన్న రైతులకు వెళుతుంది.

పదిహేడో నంబరు నాది. అన్నీ నా చేతి మీదుగా వచ్చినవే, కానీ పదిహేడు నాది. ఎనిమిదేళ్ళు పెంచాను.

ఈసారి ఏ రకమూ తేలకపోతే ప్రాజెక్టు ఎత్తేస్తారట. నన్ను పాప్‌కార్న్ వైపు మారుస్తానని మా బాస్ పార్థసారథిగారు ఎంతో ప్రేమగా చెప్పారు. మల్టీప్లెక్సుల్లో మంచి డిమాండ్ ఉందట. బాపట్లలో వ్యవసాయం చదువుకుని, ఈ వయసులో సినిమా హాళ్ళకి పేలాలు.

మార్చి 10

ఆకులు చుట్టుకోవడం మొదలైంది. బాగుంది.

బాగుంది అని రాయడానికి సిగ్గుపడాలేమో.

మార్చి 12

సాయంత్రం గేటు దగ్గర క్యాబ్ కోసం నిలబడితే, పక్క గేటెడ్ కమ్యూనిటీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఇస్త్రీ లాల్చీ, చేతిలో గొడుగు. పేరు సీతారామయ్య. ఏడో అంతస్తు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, అమలాపురం వైపు. అసోసియేషన్ సెక్రటరీ కూడా ఆయనే. ఇదంతా ఆయనే చెప్పారు, నేనడక్కుండా.

"ఏమ్మా, మా బాల్కనీలోంచి చూస్తున్నాను. మీ చేను ఎండిపోతోంది. నీళ్ళు లేవా?"

"ఉన్నాయండి. మేమే ఆపాం. వద్దనే ఆపాం."

"కావాలంటే మేమేమైనా సర్దగలం. చెప్పమ్మా, పర్వాలేదు."

"అబ్బే, వద్దండి. కరువు ప్రయోగం అది."

క్యాబ్ వచ్చింది, ఎక్కేశాను. కొండాపూర్ దాటాక అనిపించింది, ఇంకాస్త నిలబడి అర్థమయ్యేలా చెప్పాల్సింది అని. పొద్దుట్నుంచీ ఎండలో ఉన్నాను, మాట్లాడాలంటేనే విసుగ్గా ఉంది. రేపు చెప్పొచ్చులే.

మార్చి 13

చెప్పలేదు.

మార్చి 15

ముటింటాతో వీడియో కాల్. చోమాలో మా పని చూసేది ఆవిడే. నాకంటే చిన్నది, నాకంటే గట్టిగా నవ్వుతుంది. మా ఇద్దరికీ ఇంగ్లీషు అరువు భాషే కాబట్టి హాయిగా తప్పులు మాట్లాడుకుంటాం.

కిందటేడు కరువు గురించి చెప్పింది. వాళ్ళమ్మ చేలో మొక్కలు నిలువెత్తున నిలబడ్డాయట, కంకులు కూడా వేశాయట. దారిన పోయేవాళ్ళు పంట పండిందనుకున్నారట. కోసి ఒలిచాక చూస్తే లోపల గింజల్లేవు. అక్కడ పూటపూటా తినేది మొక్కజొన్న పిండి ముద్దే. గింజ లేకపోతే ముద్ద లేదు, అంతే.

"మావాళ్ళు ఏడాదికి ఒక్క సంచి విత్తనం తెచ్చుకుంటారు ఉమా. ఆ సంచి తప్పయితే ఏడాదంతా తప్పే," అంది. "ఏప్రిల్ నెలాఖరుకి ఏ నంబరో చెప్పెయ్. పెంచి పంపడానికి మీకూ టైము కావాలి కదా."

చెప్తానన్నాను. పదిహేడు అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

మార్చి 17

నిన్న ఆదివారం. నేను చేనుకి వెళ్ళని ఒకే ఒక్క రోజు.

ఇవాళ గేటు తీసేసరికే వాసన తెలిసింది, తడి మట్టి వాసన. ఒకటో బ్లాకులో అడుగు పెడితే చెప్పు దిగబడిపోయింది. ఆకులన్నీ విప్పుకుని, తలారా స్నానం చేయించిన పిల్లల్లా నిలబడి ఉన్నాయి. రెండో బ్లాకూ అంతే. ప్రహరీ మీంచి ఒక లావుపాటి నీలం పైపు ఇవతలికి వేలాడుతోంది.

"యాదయ్యా! ఏంటిది?"

యాదయ్య నెత్తి గోక్కున్నాడు. "ఇంజినీరు సారే పైపు పట్టుకొని వచ్చిండు మేడం. వద్దన్న. తాళమేసినం, మేడం తిడ్తది, నా నౌకరి పోతదన్న. నేను మాట్లాడతలే మీ మేడంతోని అన్నడు."

"నాకు ఫోన్ చేయొచ్చు కదా?"

"చేద్దామనే ఫోన్ తీసిన." మొక్కల వైపు చెయ్యి చూపించాడు. "గా ఆకులు ఒక్కొక్కటి విచ్చుకుంటుంటే జర చూస్కుంట కూసున్న మేడం. ఇగ చెయ్యబుద్ధి కాలె."

అంజమ్మ ఊరుకోలేదు. "ఆయన్నెందుకంటవ్ మేడం? పొట్టకొచ్చిన పంటకు నీళ్ళు బంద్ చేస్తరా ఎవరన్న? మా పాలమూరుల నీళ్ళు లేక ఎండవెట్టినం, ఉండంగ ఎండవెట్టేటోళ్ళను ఈడనే చూసిన. గిదేం కొలువు?"

ఇంతలో సీతారామయ్యగారు మొహం వెలిగిపోతూ వచ్చేశారు.

"చూశావా అమ్మా, ఒక్క రోజులో ఎలా తేరుకుందో! మా అపార్టుమెంట్ల వాడుకనీళ్ళే, శుద్ధి చేసినవి. రోజూ మిగిలిపోయి డ్రైనేజీలోకి వదిలేస్తున్నాం. అసోసియేషన్లో మాట్లాడాను, అందరూ సరే అన్నారు. గ్రూపులో ఫొటోలు కూడా పెట్టాం."

అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. పన్నెండో తేదీన చెప్పాల్సిందంతా ఇవాళ చెప్పాను. మొక్కకి నెత్తిన జల్లు, అంటే మగపూత, నడుము దగ్గర కంకి. జల్లులోంచి పుప్పొడి రాలి కంకి పీచు మీద పడితేనే గింజ. దాహంగా ఉన్న మొక్క జల్లు వేళకే వేస్తుంది, పీచు మాత్రం ఆలస్యంగా తీస్తుంది. పీచు బయటికొచ్చేసరికి పుప్పొడి అయిపోయి ఉంటుంది. కంకి ఉంటుంది, గింజ ఉండదు. ఎంత దాహంలోనైనా వేళకి పీచు తీసే మొక్క ఏదో కనిపెట్టడానికే నీళ్ళు ఆపాం. ఇప్పుడు అన్నీ తీస్తాయి. మంచిదీ చెడ్డదీ తేడా తెలియదు.

ఆయన మొహం చూడలేకపోయాను. "అయితే నువ్వు ఆ రోజు నిజంగానే వద్దన్నావా అమ్మా?" అన్నారు. "నేను మొహమాటం అనుకున్నాను. పాపం బోరు ఎండిపోయింది, ఆడపిల్ల, చెప్పుకోలేక ప్రయోగం అంటోంది అనుకున్నాను. మన వైపు వద్దనడం అలాగే ఉంటుంది కదా."

నిజమే. మా ఇంట్లో కూడా మూడుసార్లు వద్దంటే గానీ విస్తట్లో గారె వేయడం ఆపరు. నేనన్నది రెండుసార్లే.

"నా సర్వీసంతా కాలవ చివరి ఎకరానికి నీళ్ళు ఎక్కించడమే అమ్మా నా పని. ఆపడం నాకు చేతకాదు," అన్నారు. లేచి వెళ్తూ ఆగారు. "ఇక్కడా చివరిదాకా వెళ్ళలేదు. ఆ బండల దగ్గర మెరకగా ఉంది, నీళ్ళు ఎక్కలేదు. రేపు మోటారు పెట్టించి..."

"వద్దండి!" అని అరిచాను. ఈసారి మొహమాటం అనుకోలేదు.

అంటే మూడో బ్లాకు పొడిగానే ఉంది.

మార్చి 18

పార్థసారథిగారికి చెప్పాలి. నేల ఎంత లోతున తడిసిందో తవ్వి చూసి అప్పుడు చెప్తాను. ఊరికే కంగారు పెట్టడం ఎందుకు.

మార్చి 20

పూత వచ్చేసింది. ఒకటో బ్లాకులో పదిహేడు ఎంత బాగుందో! జల్లు వేసిన రెండో రోజుకే పీచు తీసింది, లేత ఆకుపచ్చ, పట్టుకుంటే చేతికి జిగురు. ఎనిమిదేళ్ళలో ఇంత అందంగా ఎప్పుడూ లేదు. రెండో బ్లాకులోనూ అంతే. పుప్పొడి ముక్కులోకి పోయి తుమ్ములు. ఒక్కదాన్నే చేలో నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

కొన్ని నీళ్ళే కదా. అక్కడ చోమాలో కూడా కరువులో ఒక్క చిన్న వానైనా పడకుండా ఉండదు. ఆ వాన పడిందనుకుంటే సరిపోతుంది.

మూడో బ్లాకు రేపు చూడాలి. ఇవాళ ఎండ మరీ ఎక్కువగా ఉంది.

మార్చి 21

మూడో బ్లాకుకి వెళ్ళలేదు. మాదాపూర్ ఆఫీసులో మీటింగు. దేని గురించో గుర్తులేదు.

మార్చి 22

మూడో బ్లాకుకి వెళ్ళలేదు. మోకాలు నొప్పి.

మార్చి 24

సగం దాకా వెళ్ళాను. అక్కడ్నుంచి కూడా కనిపిస్తుంది కదా. మూడో బ్లాకులో జల్లులు వేశాయి, ఆకులు సన్నటి గొట్టాల్లా చుట్టుకుని ఉన్నాయి. పీచు అంత దూరం నుంచి కనబడదు. దగ్గరికి వెళ్ళి ప్రతి మొక్కకీ ఏ రోజు పీచు వచ్చిందో చూసుకోవాలి. పూత రోజుల్లో అసలు పనే అది. అదొక్కటి చేయకపోతే మిగతా అంతా చేసినా చేయనట్టే అని కొత్తగా చేరిన పిల్లలకి నేనే చెబుతుంటాను.

రేపు.

మార్చి 26

పార్థసారథిగారు చేను చూడ్డానికి వచ్చారు. తెల్ల బూట్లు. ఒకటో బ్లాకులో పదిహేడు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు.

"ఎక్సలెంట్ అండి ఉమాశ్రీగారూ! నీళ్ళు లేకుండా ఇంత గ్రీన్‌గా ఉందా?"

ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"ఈ రకం అలాంటిదండి," అన్నాను.

"ఆ చివర ఉన్నది కూడా మనదేనా?"

"మనదే సార్. అటు దారి బాగాలేదు, రాళ్ళు. మీ బూట్లు పాడవుతాయి."

యాదయ్య పక్కనే ఉన్నాడు. చెట్టు కింద గొడ్డలి వెతుక్కునే పని ఏదో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఉద్యోగం పోతుందని భయపడుతున్నాడు. నీ పేరు రానివ్వనులే అని తర్వాత చెప్పాను. అప్పటికి యాదయ్యని కాపాడడానికే నేను నోరు మూసుకున్నానని నాకు నమ్మకం కుదిరిపోయింది. మంచిదాన్ని నేను.

మార్చి 30

ఉగాది. సీతారామయ్యగారు అసోసియేషన్ పంచాంగ శ్రవణానికి రమ్మని కబురు పెట్టారు. వెళ్ళలేదు. ఫోన్ చేసి, "మా నీళ్ళవల్ల నష్టమేమీ జరగలేదు కదమ్మా? నాకు నిద్ర పట్టడం లేదు," అన్నారు. ఏమీ లేదండి, హాయిగా పడుకోండి అన్నాను.

బాలు పచ్చడి కలిపి పెట్టాడు. ఎప్పటిలాగే వేపపువ్వు ఎక్కువ. "ఎలా ఉంది నీ పదిహేడు?" అన్నాడు.

"బాగుంది."

"మరి మొహం అలా పెట్టావేం?"

"వేపపువ్వు," అన్నాను. మా ఆయనకి ఒకటే మంచి గుణం, రెండోసారి అడగడు. ఇవాళ అడిగితే బాగుండేది.

ఏప్రిల్ 3

మధ్యాహ్నం పెద్ద వాన. ఐటీ కారిడార్ అంతా నీళ్ళు, మదీనాగూడలో మా ఇల్లు చేరడానికి మామూలుగా పట్టేదానికి మూడింతలు పట్టింది. తడిసిన పిల్లలు బైకులు తోసుకుంటూ వెళుతున్నారు. క్యాబ్‌లో కూర్చుని నేను మాత్రం సంతోషించాను.

వాన అంతటా పడింది. మూడో బ్లాకులో కూడా పడింది. అంటే మూడు బ్లాకులూ ఇప్పుడు ఒకటే. ఇక అటు వెళ్ళి ప్రత్యేకంగా చూడాల్సిందేమీ లేదు.

ఏప్రిల్ 4

నిన్న రాసింది చదివాను. పీచు వేళ దాటాక పడిన వాన పుట్టని గింజని పుట్టించదు. ఫస్టియర్ చదివినవాడికి కూడా తెలుసు.

అలసిపోయాను. ఈ చేను అంటే కూడా అలసట వచ్చేసింది.

ఏప్రిల్ 16

కోత ఇంకా కాలేదు గానీ ర్యాంకింగ్ ఇప్పుడే కావాలన్నారు పార్థసారథిగారు. కంకులు చూసి అంచనా వేసి ఇవ్వమన్నారు. ఒకటో బ్లాకు, రెండో బ్లాకు చూసి ఇచ్చాను. మొదటి స్థానం పదిహేడు. మూడో బ్లాకు తర్వాత కలుపుతానన్నాను, కానీ ఆయన అది విన్నట్టు లేదు. నేనూ వినపడేలా చెప్పలేదు.

సాయంత్రానికల్లా ఆ మెయిల్ చోమాకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 22

ముటింటా కాల్. ఇంత ఆనందంగా ఆవిడని ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ మహిళా సంఘంలో పదిహేడు గురించి చెప్పేసిందట, అందరూ పేర్లిచ్చేశారట.

"ఒక్క మాట చెప్పు ఉమా, వాళ్ళు అడిగితే నేను చెప్పాలి. దాహంలో ఉన్నప్పుడు జల్లుకీ పీచుకీ మధ్య ఎన్ని రోజులు పట్టింది?"

"రెండు రోజులు," అన్నాను.

తడుముకోలేదు. అబద్ధం కూడా కాదు, రెండు రోజులే పట్టింది. ఒకటో బ్లాకులో.

ముటింటా చేతులు రెండూ నెత్తిన పెట్టుకుని నవ్వింది. "రెండేనా! అయితే మా అమ్మ ఈసారి చేనంతా పదిహేడే వేస్తానంటోంది. ఎప్పుడూ రెండు మూడు రకాలు కలిపి వేస్తుంది, ఒకటి పోయినా ఒకటి ఉంటుందని. నేనే చెప్పాను, భయం లేదు, ఉమా కళ్ళారా చూసింది అని."

నెట్ సరిగ్గా లేదని చెప్పి కాల్ కట్ చేశాను. నెట్ బాగానే ఉంది.

ఏప్రిల్ 23

పొద్దున్నే ఆటోలో వెళ్ళాను. ఒకటో బ్లాకు, రెండో బ్లాకు దాటి ఆగకుండా నడిచాను. యాదయ్య కొడవలి పట్టుకుని వెనకే వచ్చాడు. ఏమీ అడగలేదు.

మూడో బ్లాకులో పదిహేడు వరస. మొక్కలు నిలువుగానే ఉన్నాయి. కంకులు కూడా ఉన్నాయి, సన్నగా, చూపుడువేలంత పొడుగు. మొదటి కంకి పట్టుకుంటేనే తెలిసిపోయింది, నొక్కితే పొరలు లోపలికి పోతున్నాయి. ఒలిచాను. తెల్లటి బెండు. మొదలు దగ్గర నాలుగు గింజలు, అంతే. రెండోది ఒలిచాను. ఒక్కటీ లేదు. మూడోది, నాలుగోది. వరసంతా ఒలిచాను. యాదయ్య కొడవలి ఇవ్వబోతే వద్దని గోళ్ళతోనే చించాను. వరస చివరికి వచ్చేసరికి నా కాళ్ళ దగ్గరంతా వట్టి బెండ్లు.

నాకు ముందే తెలుసు. మార్చి ఇరవైన కూడా తెలుసు. అందుకే రాలేదు.

బండ మీద కూర్చుని ఏడ్చాను. పదిహేడు కోసం ఏడ్చానో, నా కోసం ఏడ్చానో తెలియదు. యాదయ్య అటు తిరిగి నిలబడ్డాడు. అంజమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "చేనుకైతే పెట్టనియ్యలె, నువ్వన్న తాగు మేడం," అంది. తాగాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది కూడా.

లేచి వెనక్కి వస్తుంటే పక్క వరసలో ఒక కంకి భుజానికి తగిలింది. గట్టిగా తగిలింది. ఒలిచి చూస్తే గింజలు. కంకి నిండా కాదు, ముప్పావు దాకా, పళ్ళ వరసలా బిగువుగా ఉన్నాయి. పక్క మొక్క చూశాను, దానికీ ఉన్నాయి. నంబరు కర్ర తిప్పి చూశాను. నాలుగు.

ఇరవై పూర్తవ్వాలి కదా అని వేసిన రకం నాలుగు. తడిసిన బ్లాకుల్లో అది పదిహేడు ముందు మరుగుజ్జులా ఉంది, దాన్ని నేను సరిగ్గా చూసింది కూడా లేదు. చుక్క నీరు లేకుండా ఇక్కడ బండల పక్కన అది ఏ రోజు జల్లు వేసిందో, ఏ రోజు పీచు తీసిందో, ఎన్నాళ్ళు ఎండని ఓర్చుకుందో ఎవరూ చూడలేదు. చూడాల్సింది నేను.

ఏప్రిల్ 24

పార్థసారథిగారికి అంతా చెప్పాను. పైపు దగ్గర్నుంచి మొదలుపెట్టి. యాదయ్య పేరు ఎత్తలేదు. వాల్వుకీ చేనుకీ బాధ్యత నాదే, పక్కవాళ్ళకి సరిగ్గా చెప్పనిదీ నేనే అన్నాను.

కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"యావరేజ్ తీస్తే పదిహేడు ఇంకా టాపే కదండీ," అన్నారు, ఆయనకే నమ్మకం లేనట్టు.

"ఆ రెండు బ్లాకులూ తడిసినవి సార్. కరువులో దానికి గింజ రాలేదు. ముటింటా వాళ్ళమ్మ చేనంతా అదే వేస్తానంటోంది."

"సరే. పదిహేడు తీసేద్దాం. మరి ఆ నాలుగు?"

"గింజ కట్టింది. కానీ పూత రోజుల్లో దాన్ని చూడలేదు. మొన్నటి వాన తర్వాత కట్టిందా, ముందే కట్టిందా అంటే కూడా చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు."

అప్పుడన్నారు ఆ మాట. మామూలుగానే అన్నారు, తప్పు పట్టినట్టు కూడా కాదు. "మార్చిలో నీళ్ళు పడ్డ రోజే చెప్పి ఉంటే ఆ రెండూ వదిలేసి, మనుషులందర్నీ మూడో బ్లాకులోనే పెట్టేవాళ్ళం కదా ఉమాశ్రీగారూ. ఒక్క బ్లాకైనా, రోజూ చూసినది ఉంటే నాలుగుని ఎలాగోలా ముందుకి తోసేవాడిని."

ప్రాజెక్టు సంగతి పైవాళ్ళతో మాట్లాడి చెప్తామన్నారు. పాప్‌కార్న్ గురించి ఈసారి ఏమీ అనలేదు. లిఫ్టులో ఐడీ కార్డులు మెడలో వేసుకున్న పిల్లలు భోజనానికి వెళుతూ నవ్వుకుంటున్నారు. వాళ్ళ మధ్య నిలబడితే నా చీరకి ఇంకా పొలం వాసన వస్తున్నట్టనిపించి మూలకి జరిగాను.

ఏప్రిల్ 25

ముటింటాకి మెయిల్ రాసి పంపేయమన్నారు పార్థసారథిగారు. రాశాను, చెరిపేశాను. కాల్ చేశాను.

మొదట పదిహేడు గురించి చెప్పాను. రెండు రోజులు అన్నది తడిసిన చేలో మాట అని చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. నోట్సు రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టేసింది. సంఘంలో వాళ్ళకి ఏం చెప్పుకోవాలో ఆలోచిస్తోందని తెలుస్తూనే ఉంది.

"మరి ఆ ఎండిన బ్లాకులో ఇంకేదైనా నిలబడిందా?" అంది.

"నాలుగో నంబరు."

ఆవిడ ముందుకి వంగింది. "నిజంగానా? పీచు ఎప్పుడు తీసింది?"

"తెలియదు."

"ఎవరూ చూడలేదా?"

"నేనే చూడాల్సింది. వెళ్ళలేదు. అక్కడ పదిహేడు పోయి ఉంటుందని తెలుసు ముటింటా. అది చూడాల్సి వస్తుందని అటు వైపే వెళ్ళలేదు."

ఆవిడ మళ్ళీ వెనక్కి ఆనుకుంది. తిట్టినా బాగుండేది.

"మా అమ్మకి అలా వెళ్ళకుండా ఉండడం కుదరదు," అంది చివరికి. "చేను గుమ్మం ముందే ఉంది. తలుపు తీస్తే కనబడుతుంది."

నాలుగుని వచ్చే ఏడు మళ్ళీ వేస్తాను, ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా ఎక్కడో ఒకచోట వేస్తాను, మూడు బ్లాకులూ రోజూ చూస్తాను అని చెప్పాను. మాటలు తొందర తొందరగా వచ్చేస్తున్నాయి. ఆవిడ వింటూ తల ఊపింది. అవన్నీ పై ఏడాది సంగతులు.

"మరి ఈ నవంబరులో ఏం వేస్తారు?" అని అడిగాను.

"ఉన్నదే. ఆ కరువులో వేసిందే," అంది.